ఉరి యెవరి పేరిట?

ఒక మనుష్యునకు మరణదండన విధించునపుడు మన న్యాయస్థానములు తఱచుగా ఒక మాటను ఉపయోగించుచున్నవి. ఆ నేరము సమాజముయొక్క సామూహిక మనస్సాక్షిని కలచివైచినదనియు, ఉరి తప్ప ఆ మనస్సాక్షికి తృప్తి కలిగించు మార్గము వేఱొకటి లేదనియు ఆ మాటకు తాత్పర్యము. 1983లో మచ్చీసింగు కేసున సుప్రీంకోర్టు ఈ మాటను తీర్పులోనికి తెచ్చినది మొదలు క్రిందికోర్టులకు ఇది కంఠపాఠమైపోయినది. ఇంతకును ఈ సమాజమనగా ఎవరు? బడిపంతులు, బట్టలకొట్టు యజమాని, మిల్లు గుమాస్తా, కళాశాల విద్యార్థి, సాయంకాలము పఠనమందిరమునకు వచ్చి పత్రిక తిరుగవేయు మన పట్టణవాసి. వీరిలో ఎవరి మనస్సాక్షిని ఏ న్యాయమూర్తియు పిలిచి ప్రశ్నింపలేదు. అయినను వీరి పేరిటనే త్రాడు పేనబడుచున్నది. వీరి పేరిటనే పీట లాగబడుచున్నది.

మన పేరిట జరుగు కార్యము మంచిదో చెడ్డదో విచారించుకొను హక్కు మనకు కలదు. హక్కు మాత్రమే కాదు. అది మన విధి. ఆ విచారణ చేసిన పిమ్మట మా అభిప్రాయము ఇది: మరణశిక్షను మన దేశమున సంపూర్ణముగా రద్దుచేయవలెను. ఈ రద్దు ఢిల్లీలో కొందఱు పెద్దలు కూర్చుండి దయతో ప్రసాదించునది కాదు. ప్రజలు తమ పేరును ఆ త్రాటినుండి వెనుకకు తీసికొన్ననాడే అది సిద్ధించును. ఆ పని మన ఊళ్ళలో, మన వీథులలో ప్రారంభము కావలెను.

ఈ కోరిక పరదేశములనుండి దిగుమతియైన క్రొత్త వింత యని కొందఱు తలంచుచున్నారు. అది చరిత్ర నెఱుగని మాట. భగత్ సింగు, రాజగురు, సుఖదేవులను 1931 మార్చి 23న లాహోరు చెఱసాలలో ఉరితీసిరి. ఆ నెలాఖరుననే కరాచీలో కాంగ్రెసు మహాసభ సమావేశమయ్యెను. అచట అంగీకరింపబడి, ఆ యేట ఆగస్టులో బొంబాయియందు సవరింపబడిన ప్రాథమిక హక్కుల తీర్మానమున మరణశిక్ష ఉండరాదను నిబంధన స్పష్టముగా చేర్చబడెను. అదే సంవత్సరమున బీహారు సభ్యుడైన గయాప్రసాద సింగు కేంద్ర శాసనసభలో మరణశిక్ష రద్దునకు బిల్లు ప్రతిపాదించి ఓడిపోయెను. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో డాక్టరు అంబేద్కరు మాటలాడుచు, అహింసను ధర్మముగా చెప్పుకొను ఈ దేశము మరణశిక్షను పూర్తిగా తొలగించుటయే ఉచితమని తమ అభిప్రాయమును వెల్లడించెను. దక్షిణమున తిరువాన్కూరు సంస్థానము 1944లోనే దానిని రద్దుచేసి, ఇండియను యూనియనులో కలసి దేశచట్టము వర్తించువఱకు ఉరికంబము అక్కఱలేకయే పరిపాలన సాగించినది.

స్వాతంత్ర్యము వచ్చినది, కరాచీ తీర్మానములో పెక్కంశములు రాజ్యాంగమున స్థానము సంపాదించుకొన్నవి, ఈ యొక్క అంశము మాత్రము గడప అవతలనే నిలిచిపోయినది. ఓడ దాటునందాక ఓడమల్లయ్య, ఓడ దాటినపిమ్మట బోడిమల్లయ్య యన్న సామెత ఇచట సార్థకమైనది. పరులు మనలను ఉరితీసినపుడు ఉరి అనాగరికమని మనకు తోచెను. త్రాడు మన చేతికి వచ్చినపిమ్మట అది న్యాయముగా తోచుచున్నది.

చట్టము కొంత మెత్తబడినమాట నిజము. 1955 వఱకు హత్యానేరమునకు ఉరి వేయని న్యాయమూర్తి, వేయకుండుటకు కారణము వ్రాయవలసియుండెను. ఆ నియమము తొలగినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు దానిని తలక్రిందుచేసి, ఉరి వేయువాడే ప్రత్యేక కారణములు వ్రాయవలెనని శాసించినది. 1974లో మన రాష్ట్రమునుండి వెళ్ళిన ఒక యువతి అపీలులో జస్టిస్ కృష్ణయ్యరు ఆమె వయస్సును, ఆమె పడిన పాట్లను పరిగణించి ఉరిని యావజ్జీవశిక్షగా మార్చిరి. 1980లో బచన్ సింగు కేసున సుప్రీంకోర్టు అత్యంత అరుదైన సందర్భములందు మాత్రమే ఉరి విధింపవలెనని కట్టడి చేసినది. ఆ ధర్మాసనములో ఐదవవాడైన జస్టిస్ భగవతి ఉరియే రాజ్యాంగవిరుద్ధమని భిన్నాభిప్రాయము ప్రకటించెను. ఈ మార్పులన్నియు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ప్రతి మెట్టు వెనుకను ఎవరో కొందఱు అడిగినవారు, వ్రాసినవారు, జనము కసరుకొన్నను వెనుదీయనివారు ఉన్నారు. అట్టివారిలో తెలుగువారు తక్కువవారు కారు.

ఆదిలాబాదు జిల్లా రైతులైన భూమయ్య, కిష్టాగౌడులకు భూస్వామ్య విరోధపోరాటమున జరిగిన హత్యలకై మరణశిక్ష పడెను. వారిని రక్షించుటకు న్యాయవాది కన్నబిరాన్, పౌరహక్కుల కార్యకర్తలు, కవులు, రచయితలు పూనుకొనిరి. విజ్ఞప్తులు వెళ్ళెను, సభలు జరిగెను, ఉరి కొంతకాలము ఆగెను. ఇంతలో అత్యవసర పరిస్థితి వచ్చినది. సభలకు నోరు లేదు. పత్రికలకు చేయి లేదు. అడుగువారిలో అనేకులు తామే చెఱసాలల పాలైరి. అట్టి నిశ్శబ్దమునందు 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాదు చెఱసాలలో ఆ ఇరువురను ఉరితీసిరి. నేడు ఆ చెఱసాల లేదు. ఆ స్థలముననే గాంధీ పేరిట పెద్ద వైద్యశాల వెలసి 2003 నుండి పేదలకు చికిత్స చేయుచున్నది. ప్రాణము తీసిన నేల ప్రాణము నిలుపు నేలగా మాఱినది. నేల మాఱినంత సులభముగా చట్టము మాఱదు.

రెండవ పరీక్ష ఇంతకంటె కఠినమైనది. 1993 మార్చి 8న హైదరాబాదునుండి చిలకలూరిపేటకు పోవు బస్సులో ఇద్దఱు దళిత యువకులు దోపిడి చేయబోయి పెట్రోలు చల్లి నిప్పంటించిరి. 23 మంది ప్రయాణికులు మాడిపోయిరి. ఆ సంగతి విన్నవారి గుండె నేటికిని ఝల్లుమనును. భూమయ్య, కిష్టాగౌడులను ప్రేమించినవారు అనేకులుండిరి. ఈ యువకులను ప్రేమించువా రెవరు? గుంటూరు సెషన్సు కోర్టు ఉరి విధించెను; హైకోర్టు, సుప్రీంకోర్టు దానిని ఖాయపఱచెను; క్షమాభిక్ష విజ్ఞప్తి తిరస్కరింపబడెను. రాజమహేంద్రవరము చెఱసాలలో ఏర్పాటులు సాగెను.

అట్టి తరుణమున బాలగోపాల్ మొదలగు పౌరహక్కులవారు, దళితసంఘములవారు, న్యాయవాదులు, రచయితలు కదలిరి. వారు ఆ నేరమును వెనుకేసికొని రాలేదు, చనిపోయినవారిని మఱచిపోనులేదు. ఇంత ఘోరమునకు సైతము ప్రభుత్వము ప్రశాంతముగా, తేది నిర్ణయించి, గడియారము చూచి మనుష్యుని చంపరాదని మాత్రమే వారు చెప్పిరి. వీథిలో ఈ మాట చెప్పినవారికి దూషణలు తప్పవు. అయినను చెప్పిరి. 1997 మార్చి నెలాఖరున, ఉరి ఘడియ సమీపించియున్న వేళ, సుప్రీంకోర్టు దానిని నిలిపినది. 1998లో రాష్ట్రపతి నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవముగా మార్చిరి. 1975లో గెలువలేని పనిని 1998లో తెలుగునాడు గెలిచినది. మొదటిసారి నోరు నొక్కబడియుండుటయు, రెండవసారి నోరు విప్పగల్గుటయు ఈ ఫలభేదమునకు చాలవఱకు కారణములు.

పొరుగున తమిళనాడును చూడుడు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవగాంధీయు, ఆయనతోపాటు మఱికొందఱును బాంబుప్రేలుడునకు బలియైరి. ఆ కేసులో ఉరిశిక్ష పడిన పేరరివాళన్ అను యువకుని తల్లి అర్పుతమ్మాళ్ ముప్పదేండ్లకు పైగా ఊరూర తిరిగినది. ఆమెకు పదవి లేదు, ధనము లేదు. ఆమె చెప్పినది విని సామాన్యజనము కదలినది. 2011 ఆగస్టులో మద్రాసు శాసనసభ ముగ్గురి ఉరిని తగ్గింపవలెనని తీర్మానించినది. 2014లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను యావజ్జీవముగా మార్చినది. 2022 మే 18న ఆమె కుమారుడు విడుదలయ్యెను. క్షమాభిక్ష విజ్ఞప్తులను ఏండ్లతరబడి బీరువాలలో పెట్టి మనుష్యుని చావుబ్రతుకుల మధ్య వ్రేలాడదీయుట తగదని 2014 జనవరిలో సుప్రీంకోర్టు పదునైదుగురి ఉరిశిక్షలను మార్చినదికూడ ఇట్టి ఎడతెగని ఆందోళన ఫలితమే.

ఇంతవఱకు మన గొప్ప చెప్పుకొంటిమి. ఇక చెప్పవలసినది కటువైనది. 2019 నవంబరు 27న హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారము జరిపి, హత్యచేసి, శరీరమును దహించిరి. తెలుగునేల అంతయు అట్టుడికినట్లుడికెను. ఆ కోపము ధర్మమైన కోపము. డిసెంబరు 6 తెల్లవారుజామున, నేరము మోపబడిన నలుగురును పోలీసుల అధీనమున ఉండగానే కాల్చివేయబడిరి. జనము వంతెనపైనుండి పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచిరి, చదువుకొన్నవారు చప్పట్లు కొట్టిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కరు సంఘము విచారించి, పోలీసులు చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆ నాటికి మైనరులనియు తేల్చినది. ఆ నివేదిక 2022 మేలో బయటపడెను. నాడు పూలు చల్లినవారిలో ఎందఱు దానిని చదివిరి?

1924 మే 7న కొయ్యూరు దగ్గఱ అల్లూరి సీతారామరాజును పట్టుకొని, న్యాయస్థానము గడప చూపక, పరప్రభుత్వపు సైనికులు చెట్టునకు కట్టి కాల్చివేసిరని మనము నేటికిని కన్నీళ్ళతో చెప్పుకొందుము. ఆ వీరునకును ఈ ముద్దాయిలకును పోలిక లేదు. ఉన్నదని మే మనుట లేదు. కాని విచారణ లేక కాల్చుట యను కార్యము ఒక్కటే. ఒకరియెడ అధర్మమైనది వేఱొకరియెడ ధర్మమగునా? తుపాకికి మంచిచెడ్డల వివేకము తెలియదు. దానిని ఆపగలది విచారణ యొక్కటే.

ఆ పూలవానకు తోబుట్టువు చట్టములమీది వ్యామోహము. 2019 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ అత్యాచారమునకు ఉరి విధించునట్లు, ఇరువది యొక్క దినములలో తీర్పు వచ్చునట్లు బిల్లు ప్యాసుచేసినది. దానికి రాష్ట్రపతి ఆమోదము లభింపక అది చట్టము కాలేదు. 2024లో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత మూకహత్యవంటి క్రొత్త నేరములకుకూడ మరణశిక్షను చేర్చినది. నేరము జరిగినప్పుడెల్ల ఉరి, ఉరి యని కేకవేయుట పాలకులకు చవుక బేరము. ఠాణాలో ఆడపడుచు ఫిర్యాదును మర్యాదతో వ్రాసికొనుటకు మనుష్యులు కావలెను. రసాయన పరీక్షాశాలకు సొమ్ము కావలెను. ఖాళీగా నున్న న్యాయమూర్తుల స్థానములు నింపవలెను. ఇవన్నియు ఖర్చుతో, ఓర్పుతో కూడిన పనులు. చట్టములో ఉరి యను రెండక్షరములు చేర్చుటకు సిరాచుక్క చాలును.

ఇపుడు సాధారణముగా వినవచ్చు ఆక్షేపణలను పరిశీలింతము.

ఉరి లేనిచో నేరములు పెరుగునందురు. తిరువాన్కూరులో ఉరి లేని యేండ్లకును, తిరిగి వచ్చిన యేండ్లకును హత్యల సంఖ్యలో చెప్పదగిన భేదము కానరాలేదు. 2015 ఆగస్టులో లా కమీషను తన 262వ నివేదికలో, యావజ్జీవశిక్షకంటె ఉరి నేరములను ఎక్కువగా అరికట్టునన్న మాటకు ఆధారము లేదని తేల్చి, ఉగ్రవాదము, యుద్ధము అను రెండు విషయములు తప్ప తక్కిన నేరములకు దానిని రద్దుచేయవలెనని సిఫారసు చేసినది. దొంగను భయపెట్టునది శిక్షయొక్క క్రూరత్వము కాదు. పట్టుబడుట తథ్యమను నమ్మకము. పట్టుబడనని తలంచువానికి ఉరియైనను ఒకటే, ఆఱునెలల ఖైదైనను ఒకటే.

స్త్రీల మానరక్షణకు ఉరి కావలెనందురు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరము తరువాత నియమింపబడిన జస్టిస్ వర్మ సంఘము అత్యాచారమునకు ఉరిని సిఫారసు చేయలేదు. ఉరి వలదని ఆ సంఘమునకు గట్టిగా చెప్పినవారు స్త్రీల హక్కులకై పోరాడు స్త్రీల సంఘములవారే. వారి వాదము ఆలోచింపదగినది. ఇట్టి నేరములలో అత్యధికభాగము నేరస్థుడు తెలిసినవాడు, బంధువు, ఇరుగుపొరుగువాడు. పినతండ్రికి ఉరి పడునన్నచో ఇంటివారే బిడ్డ నోరు మూయుదురు. అత్యాచారమునకును హత్యకును ఒక్కటే శిక్ష యైనచో దుర్మార్గుడు సాక్ష్యము మిగులకుండ ఆమెను చంపుటకే చూచును. రక్షణ యను పేర ప్రమాదమును పెంచుట వివేకమా?

చచ్చినవాని కుటుంబము సంగతి యేమందురు. ఇది అన్నింటికంటె గౌరవింపవలసిన ప్రశ్న. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ప్రతీకారము కోరినచో ఆమెను తప్పుపట్టు అధికారము ఎవరికిని లేదు. కాని ఆ తల్లి దుఃఖమును సాకుగా చేసికొని, ఆమెకు చేయవలసిన సాయము ఎగవేయు ప్రభుత్వమును తప్పుపట్టవచ్చును. ఉరి వేసినమఱునాడు ఆ ఇంట పొయ్యి వెలుగునా? చిన్నపిల్లలకు ఫీజు కట్టబడునా? మఱియు దుఃఖితులందఱును ఉరినే కోరుదురనుట నిజము కాదు. గాంధీమహాత్ముని చంపినవానిని ఉరితీయవలదని ఆయన కుమారులు మణిలాలు, రామదాసులు వేడుకొనిరి; ప్రభుత్వము వినక 1949 నవంబరు 15న అంబాలాలో ఉరితీసెను. రాజీవగాంధీ భార్య తన భర్త హత్యకేసులో ఉరిశిక్ష పడిన స్త్రీని, ఆమె చిన్నబిడ్డను తలచి క్షమింపుమని కోరగా 2000లో ఆ శిక్ష తగ్గింపబడెను.

ఇక నిర్దోషుల మాట. 2007 డిసెంబరులో విజయవాడ చేరువ ఇబ్రహీంపట్నమున ఒక విద్యార్థిని వసతిగృహములో హత్యచేయబడెను. నేరస్థుని ఉరితీయుమని జనము ఘోషించెను. ఒక పేద దళిత యువకుని పట్టుకొనిరి, 2010లో శిక్షపడెను. అతడు నేరస్థుడు కాడని మొదటినుండి చెప్పినవారిలో చనిపోయిన బిడ్డ తల్లిదండ్రులే ఉండిరి! వారి మాట ఎవరును చెవిని పెట్టలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతడు నిర్దోషియని విడుదల చేసెను. ఆ రోజులలో జనము కోరినట్లు ఉరి పడి అమలు జరిగియున్నచో, 2017లో హైకోర్టు ఎవరిని విడుదల చేసియుండెడిది?

మహారాష్ట్రమున జరిగిన సంగతి ఇంకను భయంకరము. ఒక దోపిడి, హత్య, అత్యాచారముల కేసులో సంచారజాతులకు చెందిన ఆర్గురు పేదలకు క్రిందికోర్టు ఉరి విధించెను. హైకోర్టు ముగ్గురికి తగ్గించెను. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికిని తిరిగి ఉరి విధించి ఆర్గురిని ఒక్కటి చేసెను. పది యేండ్లు గడచినపిమ్మట, 2019 మార్చి 5న, అదే సుప్రీంకోర్టు ఆ కేసును తిరిగి పరిశీలించి ఆర్గురును నిర్దోషులని తీర్పుచెప్పి, పదునాఱేండ్ల చెఱకు తలకు 5 లక్షల రూపాయలు పరిహారము ఇప్పించెను. దేశమందలి అత్యున్నత న్యాయస్థానమే ఒక చేత ఉరివేసి ఇంకొక చేత విప్పవలసి వచ్చినది. విప్పుటకు మెడలు మిగిలియుండుట అదృష్టము. చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుట యెట్టిదో, ఉరి వేసినపిమ్మట సత్యము పట్టుకొనుటయు అట్టిదే.

ఈ త్రాడు ఎవరి మెడలను వెదకుకొనుచున్నదో చూతము. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమువారు ఉరిశిక్ష పడిన ఖైదీలను చెఱసాలలకు పోయి కలిసికొని 2016లో ఒక నివేదిక ప్రకటించిరి. వారిలో నూటికి 74 మంది బీదఱికమున మ్రగ్గువారు. నూటికి 76 మంది వెనుకబడిన, దళిత, గిరిజన, మైనారిటీ వర్గములవారు. పేదవాని కోపము పెదవికి చేటన్నారు పెద్దలు. మన న్యాయవిధానమున పేదవాని పేదఱికమే మెడకు చేటగుచున్నది. కలవాడు హత్యచేసినచో పెద్ద వకీలు వచ్చును, సాక్షి జాఱిపోవును, కాగితము కనబడకుండపోవును. లేనివాని పక్షమున నిలుచు వకీలు తన కక్షిదారుని ముఖము విచారణనాడే తొలిసారి చూచిన సందర్భములు అరుదు కావు.

మఱియొక వింత. 2024లో దేశమందలి విచారణ కోర్టులు 139 మందికి ఉరి విధించినవి. ఆ సంవత్సరాంతమున ఉరినీడలో ఉన్నవారు 564 మంది. కాని 2023, 2024 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఒక్క ఉరినైనను ఖాయపఱచలేదు. అనగా క్రింద విధింపబడు ఉరి పైకి పోవుసరికి నిలువజాలకున్నది. మఱి క్రింద ఏల విధింపబడుచున్నది? ఊరి ఘోష చెవిలో మ్రోగుచుండగా, వాకిట జనము గుమిగూడియుండగా, పత్రికలు దినదినము ఉరి ఉరి యని అచ్చువేయుచుండగా విచారణ న్యాయమూర్తి కూర్చుండి తీర్పు వ్రాయుచున్నాడు. ఆ ఘోష మనది. పై కోర్టు దానిని సరిదిద్దునందాక ఐదేండ్లో పదేండ్లో ఒక మనుష్యుడు ప్రతి ఉదయమును తన కడపటి ఉదయమని తలంచి మేల్కొనుచున్నాడు. ఈ తిలాపాపములో మనకును తలా పిడికెడు కలదు.

ప్రపంచమున నూటపదికి మించిన దేశములు సకల నేరములకును మరణశిక్షను రద్దుచేసినవి. అవన్నియు ధనికదేశములు కావు. మన ఇరుగున నేపాళము 1990 రాజ్యాంగముతో దానిని నిషేధించినది. భూటాను 2004లో రద్దుచేసినది. సింహళమున చట్టములో మిగిలియున్నను 1976 తరువాత ఉరి అమలు జరుగలేదు. అచటి జనము హంతకులచే నిర్మూలింపబడలేదు.

ఏమి చేయవలెనని చదువరులు అడుగుదురు. ఉపన్యాసములతో తృప్తిపడక చేయదగిన పనులు కొన్ని మాకు తోచుచున్నవి.

మొదటిది. 2022 మేలో మనోజు కేసున సుప్రీంకోర్టు, ఉరి విధించుటకు ముందు ముద్దాయి పుట్టుపూర్వోత్తరములు, బాల్యము, బీదఱికము, మానసికస్థితి, చెఱసాలలో నడవడి మొదలైనవి విచారణ దశలోనే సేకరింపవలెనని శాసించినది. ఈ సంగతులు ఏ గ్రంథమునందును దొరకవు, ఊరివారికి తెలియును. చదువు చెప్పిన పంతులు, పనియిచ్చిన మేస్త్రి, ఇరుగింటి ముసలమ్మ చెప్పవలెను. భయపడి, సిగ్గుపడి వారు ముందునకు రాకున్నారు. వారికి ధైర్యము చెప్పి కోర్టునకు తీసికొనిపోగల నలుగురు యువకులు ప్రతి పట్టణమున ఉన్నచో ఎన్నియో ప్రాణములు నిలుచును.

రెండవది. ప్రతి జిల్లాలోను న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. పేదవానికి వకీలు నిచ్చుట దాని విధి. ఇచ్చిన వకీలు ఎట్టివాడు, ముద్దాయిని ఎన్నిమాఱులు కలసినాడు అని అడుగువారు లేనిచో ఆ విధి కాగితముమీద మిగిలిపోవును. స్థానిక న్యాయవాదులు, విశ్రాంత ఉద్యోగులు దీనిని కనిపెట్టియుండవచ్చును.

మూడవది. హతుల కుటుంబములకు పరిహారము ఇచ్చు పథకములు చట్టమున కలవు. వాటిని గుఱించి వారికి తెలియజేసి, అర్జీ వ్రాసిపెట్టి, డబ్బు చేతికి వచ్చువఱకు వెంటనుండుట ఉరి వలదనువారి మొదటి కర్తవ్యమని మా నమ్మిక. హంతకునికై ఒక అర్జీ వ్రాసినవాడు హతుని యింటికై రెండు వ్రాయవలెను. అట్లు చేయనినాడు మన కరుణ ఒంటికన్నుది యగును.

నాలుగవది. 2015 ఆగస్టులో త్రిపుర శాసనసభ మరణశిక్షను రద్దుచేయుమని కేంద్రమును కోరుచు ఏకగ్రీవముగా తీర్మానించినది. ఆ చిన్న రాష్ట్రము చేసిన పనిని అమరావతి, హైదరాబాదు సభలు చేయగూడదా? ఓట్లు అడుగవచ్చు ప్రతి అభ్యర్థిని ఈ ప్రశ్న అడుగుడు. శాసనసభ్యుడు జనము ముఖము చూచి మాటలాడును. జనము ముఖమునే మార్చవలసియున్నది.

కడపటిది అన్నింటికంటె చిన్నది, అన్నింటికంటె కష్టమైనది. రేపు ఏదో ఒక ఘోరము జరుగును. జరుగదని ఎవరు చెప్పగలరు? పఠనమందిరపు బల్లచుట్టు నలుగురు చేరి, వానిని ఉరితీయవలెను, కాదు, విచారణయే వలదు, కాల్చివేయవలెను అందురు. ఆ క్షణమున ఒక్కరు లేచి, నేరస్థుని పట్టుకొనుడు, సాక్ష్యము చూపుడు, కఠినముగా శిక్షింపుడు, కాని చంపకుడు, నా పేరిట చంపకుడు అని చెప్పవలెను. తక్కినవారు కసరుకొందురు. కసరుకొననిండు. చిలకలూరిపేట మంటలు ఆఱకముందే అట్లు చెప్పినవారు మన తెలుగునేలమీద ఉండిరి.

సామూహిక మనస్సాక్షి యనునది న్యాయమూర్తి వ్రాఁతబల్లమీద ఉండు వస్తువు కాదు. అది మన ఇండ్లలో, మన సంభాషణలలో, మన పిల్లలకు మనము చెప్పు మాటలలో దినదినము తయారగుచున్నది. దానిని పగతో నింపితిమేని పగనే తీర్పుగా పొందుదుము. వివేకముతో నింపితిమేని ఏ కోర్టును మన పేరు చెప్పి త్రాడు పేనజాలదు. కరాచీలో చేసిన ప్రతిజ్ఞకు వందయేండ్లు నిండకముందే దానిని చెల్లించుకొందము.